వేడెక్కిన ల్యాప్‌టాపు

పాతబడిన ల్యాప్‌టాపు కాలుచు, నడక మందగించినచో దానికి కాలము చెల్లినదని పలువురు తలంతురు. పెక్కుమారులు దోషము యంత్రమునందు గాక, దానికి గాలి యాడకుండుటయందే యుండును.

ల్యాప్‌టాపునకు మెదడు వంటిది ప్రాసెసరు. అది పనిచేయునపుడెల్ల వేడి పుట్టును. ఆ వేడిని రాగిగొట్టము సన్నని లోహపు రేకులకు చేర్చగా, చిన్న ఫ్యాను దానిని వెలుపలికి పంపును. ఏండ్లు గడచినకొలది రేకుల నడుమ దుమ్ము పేరుకొనును. వేడిని రాగికి అందించుటకై ప్రాసెసరుపై పూసిన లేపనము ఎండిపోవును. లోపలి వేడి 100 డిగ్రీల సెల్సియస్‌కు చేరువైనచో ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనును. మండుటెండలో బరువు లాగు ఎద్దు అడుగు నెమ్మదించుట వంటిదే యిది. అప్పటికిని వేడి తగ్గకున్న యంత్రము తనంతట తానే ఆగిపోవును.

ఇట్టి యెడ మొదట గాలిదారిని పరీక్షింపవలెను. పరుపుపై నుంచినచో అడుగురంధ్రములు మూసికొనును. కావున గట్టి బల్లపై నుంచుట మేలు. పిదప టాస్క్ మేనేజరులో చూచి, అక్కరలేకయే నడచుచున్న ప్రోగ్రాములను ఆపవలెను. అప్పటికిని ఫలము లేనిచో, నేర్పరిచేత దుమ్ము తీయించి, లేపనము మార్పింపవలెను. యంత్రము చల్లగా నున్నను మందముగా నడచినచో, పాత హార్డ్ డిస్కు కారణము కావచ్చును. దానికి మారుగా, తిరుగు భాగములు లేని ఎస్.ఎస్.డి. అమర్చిన వేగము పెరుగును.

బ్యాటరీ ఉబ్బి అడుగుపలక లేచినచో మాత్రము వెంటనే వాడుక మానవలెను. దానిని నొక్కినను గుచ్చినను అగ్ని పుట్టవచ్చును.

వ్యాధి నెరిగిన పిదపనే వైద్యము. కారణ మరయక యంత్రమును పారవైచుట, మసి పట్టిన చిమ్నీని తుడువక లాంతరునే విసరివేయుట వంటిది.