ఖాళీ గడిని ఎలా చదవాలి?

దత్తత తీసుకునేవారి చేతికొచ్చే వైద్య నివేదికలో బిడ్డ ఎత్తు, బరువు, తల చుట్టుకొలత, రక్తపరీక్షల ఫలితాలు ఉంటాయి. కన్నతల్లి కడుపుతో ఉన్నప్పుడు సరిగా తిన్నదా, మద్యం తాగిందా, నెలలు నిండాకే కాన్పు అయిందా అన్నచోట మాత్రం చాలాసార్లు ఖాళీయే. శిశువుల కోసం పెట్టిన ఉయ్యాలలో ఎవరో వదిలి వెళ్లిన పసికందు గురించి అడుగుదామంటే మనిషే ఉండదు. ఆ ఖాళీని కొందరు ‘ఏ ముప్పూ లేదు’ అని చదువుకుంటారు, ఇంకొందరు ‘ఏదో దాస్తున్నారు’ అని బెదురుతారు. తెలియకపోవడాన్ని తెలియకపోవడంగానే ఉంచి, కొలవగలిగింది కొలవడమే సరైన దారి. కొన్ని సంగతులు బిడ్డ ఒళ్లే చెబుతుంది, అయితే వేళ దాటితే చెప్పదు. చర్మం, చెవులు, కాళ్లూచేతుల బిగువు చూసి ఎన్ని వారాలకు పుట్టిందో అంచనా కట్టే బల్లార్డ్ స్కోరు తొలి నాలుగు రోజుల్లోనే నమ్మదగ్గది. ఆర్నెల్లకు అయిదు కిలోలే ఉన్న బిడ్డ నెలలు నిండక పుట్టిందా, పాలు చాలక చిక్కిందా అన్నది తూకం తేల్చలేదు. గర్భంలో మద్యం సోకిన కొందరికి ముక్కు కింది గాడి చదునుగా, పై పెదవి పలచగా ఉంటుంది. ముఖంలో ఆ గుర్తులేవీ లేకుండానే మెదడు దెబ్బతిన్న పిల్లలూ ఉంటారు, వాళ్ల సంఖ్యే ఎక్కువ.

తూర్పు ఐరోపా నుంచి స్వీడన్‌కు దత్తత వచ్చిన 71 మందిని కొన్నేళ్ల తర్వాత పరీక్షిస్తే, 52 శాతం మందిలో మద్యం వల్ల కలిగే లోపాలు కనిపించాయని 2010లో ప్రచురితమైన అధ్యయనం చెప్పింది. అంకె పెద్దదే. కానీ అది ఆ ప్రాంతపు పిల్లల లెక్క, దత్తత పిల్లలందరికీ అంటగట్టేది కాదు. పైగా కడుపులో జరిగినదాన్నీ పుట్టాక జరిగినదాన్నీ విడదీయడం కష్టం. రుమేనియా నుంచి బ్రిటన్‌కు వచ్చిన 165 మంది పిల్లలను మనోవైద్యుడు మైకేల్ రట్టర్ బృందం యుక్తవయసు దాకా గమనించింది. అనాథశరణాలయంలో ఆర్నెల్ల లోపే గడిపినవారు బ్రిటన్‌లోనే పుట్టి దత్తత వెళ్లిన పిల్లల్లాగే దాదాపుగా ఎదిగారు. అంతకు మించి ఉన్నవారిలో ఏకాగ్రత లేమి, నలుగురితో మెలగలేని ఇబ్బంది పెద్దయ్యాకా మిగిలాయి. అయినా వారిలోనూ అయిదో వంతు మందికి చెప్పుకోదగ్గ సమస్యే రాలేదు.

బలహీనంగా పుట్టినవాళ్లే శరణాలయంలో ఎక్కువకాలం మిగిలిపోయి ఉంటారేమో అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ పిల్లల్లో ఎక్కువమంది పుట్టిన కొద్దివారాలకే అక్కడ చేరారు. బయటపడే దారి తెరుచుకున్నది 1989 చివర రుమేనియా నియంత చౌసెస్కూ పాలన కూలాకే, వాళ్ల ఆరోగ్యాన్ని బట్టి కాదు. రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో ఇంకా గట్టి పరీక్ష జరిగింది. శరణాలయాల్లోని 136 మంది శిశువుల్లో ఎవరిని పెంపుడు ఇళ్లకు పంపాలో చీటీ తీసినట్టు నిర్ణయించారు. దానివల్ల గర్భకాలపు లోపాలు రెండు గుంపుల్లోనూ ఇంచుమించు సమానంగా సర్దుకుంటాయి. ఇళ్లకు వెళ్లినవారి తెలివితేటలు మెరుగయ్యాయి, రెండేళ్ల లోపు వెళ్లినవారివి మరింతగా. కాబట్టి ప్రతి తడబాటునూ కన్నతల్లి కడుపుకే అంటగట్టడం కుదరదు.

ఇవన్నీ లెక్కగడితే దత్తతకు వచ్చేవారు వెనక్కి తగ్గుతారన్న భయమూ ఉంది. కొందరు తగ్గుతారు, నిజమే. కానీ దాచినంత మాత్రాన ముప్పు పోదు. ముందే తెలిస్తే వినికిడి, చూపు, మాట పరీక్షలు వేళకు చేయించవచ్చు. మన దేశ నిబంధనల ప్రకారం దేశంలోపలి దత్తత తర్వాత ఆర్నెల్లకోసారి చొప్పున రెండేళ్లు పర్యవేక్షిస్తారు. చదువులో, ఏకాగ్రతలో లోపం బయటపడేది బడిలో చేరాక. పసికందుగా దత్తత వచ్చిన బిడ్డ విషయంలో అప్పటికి అడిగేవాళ్లు అడగడం మానేసి చాలాకాలమవుతుంది.