ఎల్‌ఈడీ స్ట్రిప్: వోల్టేజీ పెంచితే వెలుగు పెరుగుతుందా, ఆయువు తరుగుతుందా?

జంషెడ్జీ టాటా జయంతి అయిన మార్చి 3 సందర్భంగా జంషెడ్‌పూర్‌లోని జూబ్లీ పార్కు ఏటా విద్యుద్దీపాలతో శోభిల్లుతుంది. 1919లో జంషెడ్‌పూర్‌గా పేరు మారిన నాటి సాక్చి నేడు నగరంలోని ప్రధాన వ్యాపార కేంద్రాల్లో ఒకటి. ఇక్కడైనా, మన ఊళ్లలోనైనా పండుగలకు, పెళ్లిళ్లకు ఇళ్ల అలంకరణలో ఎల్‌ఈడీ స్ట్రిప్‌లు సర్వసాధారణమయ్యాయి. అయితే సరఫరా వోల్టేజీని సరిగా అమర్చకపోతే కొత్త స్ట్రిప్ సైతం త్వరగా మసకబారుతుంది.

కొద్ది తేడాకే ఇంత ప్రభావమెందుకు?

12 వోల్టుల తెల్లని స్ట్రిప్‌లో సాధారణంగా మూడేసి ఎల్‌ఈడీలు, ఒక రెసిస్టరు వరుసగా కలిసి ఒక భాగంగా ఉంటాయి. కత్తిరించేందుకు గుర్తు పెట్టిన చోట్లు ఈ భాగాల సరిహద్దులే. ఒక్కో ఎల్‌ఈడీ సుమారు 3 వోల్టులు తీసుకుంటుంది. మూడింటికీ 9 పోగా మిగిలిన 3 వోల్టులు రెసిస్టరుపై పడతాయి. విద్యుత్ ప్రవాహాన్ని నిర్ణయించేది ఈ మిగులే.

సరఫరాను 13.5 వోల్టులకు పెంచితే మిగులు 3 నుంచి 4.5కు చేరుతుంది. ప్రవాహం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. రెసిస్టరులో పుట్టే వేడి రెట్టింపును మించుతుంది. అదే 9 వోల్టుల కిందికి దించితే దీపాలు దాదాపు ఆరిపోతాయి. అందువల్ల 12 వోల్టులను గరిష్ఠ పరిమితిగా భావించాలి.

ఎంత సామర్థ్యం అవసరం?

మీటరుకు 14.4 వాట్లు వాడే 5 మీటర్ల స్ట్రిప్‌కు 72 వాట్లు, అంటే 12 వోల్టుల వద్ద 6 ఆంపియర్లు కావాలి. దానిపై నాలుగో వంతు అదనంగా కలుపుకుంటే 90 వాట్లు. దానికి తగ్గని పవర్ సప్లైని ఎంచుకోవాలి. వోల్టేజీ తగ్గించే చిన్న మాడ్యూళ్లు చాలావరకు 2, 3 ఆంపియర్లకే పరిమితం కనుక ఇంత పొడవుకు చాలవు.

అమరిక ఎలా?

స్ట్రిప్‌ను కలపకముందే పవర్ సప్లై అవుట్‌పుట్‌ను మల్టీమీటరుతో కొలవాలి. సర్దుబాటు స్క్రూను మెల్లగా తిప్పి 12 వోల్టులకు తేవాలి. తర్వాత సరఫరా ఆపి, ధన, రుణ కొసలు సరిచూసి స్ట్రిప్‌ను కలపాలి. వెలిగించాక మళ్లీ కొలవాలి. చివరి దీపాలు మసకగా ఉంటే వోల్టేజీ పెంచకూడదు. అదే పవర్ సప్లై నుంచి రెండో కొసకూ తీగలు ఇవ్వాలి.

ఆ స్క్రూ స్వల్ప సవరణకే తప్ప వెలుగు తగ్గించడానికి కాదు. అందుకు పవర్ సప్లైకి, స్ట్రిప్‌కు నడుమ పీడబ్ల్యూఎం డిమ్మరు పెట్టాలి. ఇది వోల్టేజీని మార్చకుండా సరఫరాను అతివేగంగా ఆపుతూ, ఇస్తూ వెలుగును నియంత్రిస్తుంది. ఫ్యాన్ రెగ్యులేటరును పవర్ సప్లైకి ముందు తగిలించడం ప్రమాదకరం.

మరచిపోరానివి

12 వోల్టుల వైపు షాక్ భయం తక్కువే అయినా, వదులైన అతుకుల వద్ద 6 ఆంపియర్ల ప్రవాహం నిప్పు పుట్టించగలదు. కనుక ఫ్యూజు తప్పనిసరి. పవర్ సప్లైని పరదాలకు, కాగితపు అలంకరణలకు దూరంగా, గాలి ఆడే చోట ఉంచాలి. 230 వోల్టుల వైపు మాత్రం ప్రాణాంతకం. ఎర్తింగుతో సహా ఆ పనిని అనుభవజ్ఞుడైన ఎలక్ట్రీషియన్‌కే అప్పగించాలి.