అండాశయ క్యాన్సర్: చికిత్స తరువాత జీవితం

“సిస్టరు గారూ, ఆపరేషన్ అయింది, ఆరు కీమోలూ అయ్యాయి. అమ్మ ఇక మామూలు మనిషి అవుతుందా?” కంచికచర్ల చుట్టుపక్కల ఊళ్ల బిడ్డలు తరచు అడిగే ప్రశ్న ఇది.

చాలామంది తిరిగి తమ పనులు చేసుకోగలుగుతారు. అయితే ఈ జబ్బుకు తిరగబెట్టే గుణం ఉంది. అందుకే మొదటి రెండేళ్లు సాధారణంగా మూడు నెలలకొకసారి పరీక్షలుంటాయి. కూలి పోతుందనో, బస్సు ఖర్చనో మానవద్దు. కడుపు ఉబ్బరాన్ని గ్యాసు అనుకోవద్దు.

గడ్డను వీలైనంత తొలగించి, కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ ఎక్కించడమే ముఖ్య చికిత్స. 2014లో అమెరికాలో ఒలాపరిబ్ అనే మాత్రకు అనుమతి లభించింది. బి.ఆర్.సి.ఎ. జన్యువులో లోపమున్నవారికి ఇది ఎక్కువ మేలు చేస్తుంది. జబ్బు తిరగబెట్టడాన్ని చాలాకాలం ఆపగలదు. ఆ లోపం బిడ్డలకూ, తోబుట్టువులకూ ఉండవచ్చు గనుక జన్యు పరీక్ష గురించి డాక్టరు గారిని అడగండి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా ఉన్న పథకంలో ఏయే చికిత్సలు వర్తిస్తాయో ఆసుపత్రిలో ముందే కనుక్కోండి.

ఇంట్లో జాగ్రత్తలు:
• కీమో రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లవారే దాకా ఆగక ఆసుపత్రికి తీసుకురండి.
• అరికాళ్లు మొద్దుబారి ఉంటే చెప్పులు లేకుండా నడవనీయవద్దు.
• రెండు అండాశయాలూ తీసేస్తే బహిష్టులు ఆగి ఒళ్లంతా ఆవిర్లు వస్తాయి. విసుక్కోవద్దు.
• కీమోకు ఊడిన జుట్టు మళ్లీ వస్తుంది.

ఇది అంటువ్యాధి కాదు. అమ్మకు కంచం వేరు చేయకండి; మనవణ్ణి ఆమె ఒడిలో కూర్చోబెట్టండి.