ఆవనూనెలో ఉన్నది వేరుశనగ నూనెలో లేదు

న్యూఢిల్లీ: సివిల్‌ సర్వీసెస్‌ శిక్షణ కోసం ఏటా రాజధానికి చేరే తెలుగు విద్యార్థుల్లో చాలామంది కరోల్‌ బాగ్‌, దాని పక్కనే ఉన్న పాత రాజేంద్ర నగర్‌లలో మకాం వేస్తారు. వచ్చిన కొత్తలో వారికి ఎదురయ్యే మొదటి పరీక్ష ఆవనూనె వాసన. వేరుశనగ, పొద్దుతిరుగుడు నూనెలకు అలవాటుపడిన నాలుకకు ఆ ఘాటు ఒక పట్టాన మింగుడుపడదు. అయితే ఈ రెండు వంటల మధ్య తేడా రుచితోనే ఆగదని పోషకాహార శాస్త్రం చెబుతోంది.

శరీరం తనంతట తాను తయారు చేసుకోలేని కొవ్వు ఆమ్లాలు రెండున్నాయి. ఒకటి ఒమేగా-6 వర్గానికి చెందిన లినోలెయిక్‌ ఆమ్లం, రెండవది ఒమేగా-3 వర్గానికి చెందిన ఆల్ఫా లినోలెనిక్‌ ఆమ్లం. రెండింటిలోనూ 18 కార్బన్‌ పరమాణువులే. మొదటిదానిలో ద్విబంధాలు రెండు, రెండవదానిలో మూడు. ఇటువంటి కొవ్వు లేకుండా జీవి మనలేదని అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జార్జ్‌ బర్‌, మిల్‌డ్రెడ్‌ బర్‌ దంపతులు 1929లో ఎలుకలపై ప్రయోగాల ద్వారా నిరూపించారు.

శరీరంలో ఈ రెండింటినీ మార్చి వాడుకునే ఎంజైములు ఒకటే. ఒకే పిండిమరకు రెండిళ్ల గింజలు వచ్చినట్లు, ఒమేగా-6 బస్తాలు బారులు తీరితే ఒమేగా-3 వంతు రావడం కష్టం. గుండెకు, మెదడుకు అవసరమైన పొడవాటి ఒమేగా-3 ఆమ్లాలు అప్పుడు మరింత తక్కువగా తయారవుతాయి. అసలే ఆ మార్పిడి స్వల్పం.

మన వేరుశనగ నూనెలో లినోలెయిక్‌ ఆమ్లం దాదాపు 30 శాతం ఉంటుంది. సాధారణ పొద్దుతిరుగుడు నూనెలో 60 శాతం వరకు ఉంటుంది. ఒమేగా-3 మాత్రం రెండింటిలోనూ లేనట్లే. ఆవనూనెలో అది సుమారు 10 శాతం. ఢిల్లీ, బెంగళూరు ఆసుపత్రుల్లోని గుండెజబ్బు రోగులను ఇతరులతో పోల్చి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, పొద్దుతిరుగుడు నూనె వాడేవారి కంటే ఆవనూనెతో వండుకునేవారిలో ముప్పు సగం మేరకు తక్కువగా కనిపించింది. ఇది పోలిక మాత్రమే, రుజువు కాదు. పైగా ఆవనూనెలో అధికంగా ఉండే ఎరూసిక్‌ ఆమ్లం కారణంగా అమెరికా దానిని వంటనూనెగా అనుమతించడం లేదు.

ఢిల్లీవాసులకు ఆవనూనె మరో భయాన్నీ గుర్తుచేస్తుంది. 1998లో బ్రహ్మదండి గింజల నూనె కలిసిన ఆవనూనె తిని కాళ్లవాపు, గుండె వైఫల్యంతో 60 మందికి పైగా మరణించారు. ఆ గింజలు చూపుకు అచ్చం ఆవాలే. ఆవనూనెలో ఇతర నూనెలు కలిపి అమ్మడాన్ని 2021 జూన్‌ నుంచి నిషేధించారు.

దేశం వంటనూనెలో సగానికి పైగా విదేశాల నుంచి కొంటోంది. అందులో అగ్రభాగం పామాయిల్‌ది. దానిలో లినోలెయిక్‌ ఆమ్లం 10 శాతం మాత్రమే. 2022లో ఉక్రెయిన్‌ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనె ధర మండినప్పుడు ఎందరో గృహిణులు నూనె మార్చారు. లీటరు ధర చూసుకున్నారే తప్ప ఆమ్లాల లెక్క ఎవరు చూస్తారు?

ద్విబంధాలు ఎక్కువైనకొద్దీ నూనె వేడికి త్వరగా చెడుతుంది. కరోల్‌ బాగ్‌ బజారులో భటూరాలు తేలే బాణలికీ, మన మిరపకాయ బజ్జీల బాణలికీ ఇదే సూత్రం. మళ్లీ మళ్లీ కాచిన నూనెలో ధ్రువ పదార్థాలు 25 శాతం మించరాదన్న నిబంధన 2018 జూలై నుంచి అమలులోకి వచ్చింది.

ఆవనూనె ఘాటు సహించలేనివారికి వేరే దారి లేకపోలేదు. అవిసె గింజల నూనెలో సగానికి పైగా ఒమేగా-3యే. ఆ గింజలను వేయించి కారప్పొడి కొట్టుకోవడం మన ఇళ్లలో కొత్తేమీ కాదు. గంగవాయిలి కూరలోనూ అది కొంత ఉంది. చేపలు తినేవారికి కవ్వలుండనే ఉన్నాయి, వాటిలో దొరికేది మార్పిడి అక్కరలేని ఒమేగా-3.