కాన్పు తర్వాత మూత్రం జారుతోందా? దాచుకోవద్దు

డిశ్చార్జి కాగితాలు తీసుకున్నాక కొందరు తల్లులు వార్డు తలుపు దగ్గర ఆగిపోతారు. అత్తగారు, భర్త ముందుకు నడిచాక, "సిస్టర్, దగ్గితే మూత్రం పడిపోతోంది" అని మెల్లగా చెబుతారు. అసలు చెప్పనివారు ఇంకా ఎక్కువ. బట్టలు తడుస్తాయని, వాసన వస్తుందని పెళ్ళిళ్ళకూ ఆరాధనకూ రావడం మానేసిన తల్లులను మేము చూశాము.

కాన్పైన ముగ్గురిలో సుమారు ఒకరికి ఈ ఇబ్బంది ఉంటుంది. అయితే "పిల్లలు పుడితే అంతే" అని భరించనవసరం లేదు.

ఎందుకు వస్తుంది?

మూత్రసంచిని, గర్భసంచిని కింద నుండి ఉయ్యాల గుడ్డలా మోసే కండరాలు ఉన్నాయి. గర్భం బరువుకు, కాన్పు సమయంలో అవి సాగి బలహీనపడతాయి. సిజేరియన్ అయినవారికీ రావచ్చు.

వ్యాయామం ఎలా చేయాలి?

మూత్రాన్ని, గ్యాస్‌ను ఆపుకుంటున్నట్లు ఆ కండరాలను లోపలికి, పైకి బిగించండి. పొట్ట, తొడలు, పిరుదులు బిగించవద్దు. ఊపిరి ఆపవద్దు. మొదట 2, 3 సెకన్లు, క్రమంగా 6 నుండి 8 సెకన్లు బిగించి, అంతసేపు వదలండి. ఇలా 8 నుండి 12 సార్లు, రోజుకు 3 పూటలు, కనీసం 3 నెలలు చేయాలి. బిడ్డకు పాలిస్తూ కూడా చేసుకోవచ్చు. దగ్గు, తుమ్ము వచ్చే ముందు ఒకసారి బిగించండి. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయకూడదు.

గర్భిణిగా ఉన్నప్పుడే మొదలుపెడితే ఈ ఇబ్బంది వచ్చే అవకాశం తగ్గుతుంది. కాన్పు తర్వాత నొప్పి లేకపోతే కొద్దిరోజుల్లోనే మొదలుపెట్టవచ్చు. మూత్రపు గొట్టం ఉంటే తీసిన తర్వాతే చేయాలి.

ఇంట్లో పెద్దలకు మా మనవి

బాలింతకు నీళ్ళు తగ్గించవద్దు. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడి మంట పుడుతుంది, మలబద్ధకం వస్తుంది. పత్యం పేరుతో కూరగాయలు, పండ్లు మాన్పించవద్దు. ముక్కడం వల్ల ఆ కండరాలు ఇంకా సాగుతాయి. నీళ్ళ బిందెలు, బియ్యం మూటలు కొన్నాళ్ళు వేరేవారు మోయండి.

ఎప్పుడు రావాలి?

మూత్రం పగలూ రాత్రీ ఆగకుండా కారుతున్నా, అసలు రాకపోయినా, మంట, జ్వరం ఉన్నా వెంటనే రండి. 3 నెలలు వ్యాయామం చేసినా తగ్గకపోతే డాక్టరమ్మకు చూపించుకోండి.

మాతో చెప్పడానికి సిగ్గుపడకండి. తెర వేసి, మీ ఒక్కరితోనే మాట్లాడతాము.