మీకు తెలుసా? తెర మీది రుద్రమ, రాతి మీది రుద్రమ

అంబర్‌పేట్ నుంచి ఉప్పల్ మీదుగా సాగే రోడ్డు ఓరుగల్లుకే చేరుతుంది. అక్కడి కోట నుంచి ఏలిన కాకతీయ రాణి కథే గుణశేఖర్ తీసిన 'రుద్రమదేవి'. అనుష్క నటించిన ఈ సినిమా 2015 అక్టోబర్ 9న విడుదలైంది. తెలంగాణ ప్రభుత్వం వినోదపు పన్ను మినహాయించింది కూడా.

సినిమాలో ఆమె మగవేషంలో రుద్రదేవుడిగా పెరుగుతుంది. ఆ పేరు కల్పన కాదు! శాసనాల్లోనూ ఆమెను 'రుద్రదేవ మహారాజు' అన్నారు. నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చందుపట్లలో 1289 నవంబర్ 27 నాటి శాసనం ఉంది. రుద్రమ, సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వారి పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే భటుడు భూమి దానమిచ్చాడని అందులో ఉంది. సినిమా నచ్చినవాళ్లు ఆ రాయినీ ఒకసారి చూసి రండి.