ఒకే మంచం, రెండు పరుపులు

నారాయణఖేడ్ పల్లెల్లో తెల్లవారక ముందే పత్తిచేనుకు పోయే అవ్వకు నిద్ర ప్రతి నిమిషమూ విలువైనదే. పక్కన తాత పొర్లితే మెలకువ వస్తుంది! ఎందుకని? నులకమంచం అల్లిక అంతా ఒకటే. బరువైన వారి వైపు నులక కుంగితే ఆ లాగుడు అవతలి పట్టె దాకా పాకుతుంది. తేలికైన వారు వాలులోకి జారుతారు. ఒకే పరుపైనా దాదాపు ఇంతే.

మెత్తదనం సంగతి వేరు. పీడనమంటే బలాన్ని వైశాల్యంతో భాగించగా వచ్చేది కదా! గట్టి పరుపు మీద ఒత్తిగిలి పడుకుంటే బరువు చాలావరకు భుజం, తుంటి మీదే పడుతుంది. ఏకిన దూది ఒంటికి ఒదిగి వైశాల్యాన్ని పెంచుతుంది, పీడనం తగ్గుతుంది. మరీ మెత్తనైతే నడుము కుంగుతుంది. ఎవరి ఒంటికి ఏది సరిపడుతుందో వారే చెప్పాలి.

కనుక చెక్కమంచం మీద రెండు విడి పరుపులు వేయించడమే మంచిది. ఎత్తు మాత్రం సమానంగా ఉండాలి. ఒకదాని మీద నీళ్ల గ్లాసు పెట్టి, రెండోదాని మీద పొర్లి చూడండి.